నాలుగు యూనిట్ల పొట్ట

రాయపూర్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో అబద్ధం రాయడం పూర్తిగా నిషేధం. బిల్లుకూ వాస్తవానికీ తేడా వస్తే, వాస్తవాన్ని వెంటనే సరిదిద్దుతారు. ఈ ఉన్నత సంప్రదాయాన్ని ఫణిశ్రీ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే కళ్ళారా చూసింది. కంప్యూటర్ సైన్స్ చదివిన పిల్ల కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే వాడేవాణ్ణి మార్చాలని కాలేజీలోనే అర్థమైంది.

రోగి పరాయివాడు కాదు. రైల్వే కాలనీలో ఫణిశ్రీ వాళ్ళ ఇంటి వెనక లైను బంగారయ్య, రిటైరైన గార్డు. మోకాలు మార్పించుకున్నాడు. కొడుకు సిల్తారాలో స్టీలు ఫ్యాక్టరీ ఉద్యోగి. ఇన్సూరెన్స్ ఆ ఫ్యాక్టరీ ఇచ్చిందే. అప్రూవల్ వస్తే ఇల్లు, రాకపోతే మంచం. మంచం మీదే ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది కనుక రోజూ పొట్టకి ఒక ఇంజెక్షన్. ఇంజెక్షన్ పడితే బిల్లు మారుతుంది. బిల్లు మారితే అప్రూవల్ మళ్ళీ మొదటికి. అప్రూవల్ లేదు కనుక మంచం. ఈ ఏర్పాటులో ఎవరి తప్పూ లేదని అన్ని పక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకున్నాయి.

చిక్కల్లా యూనిట్ల దగ్గర వచ్చింది. ఆ మందుని పది మిల్లీగ్రాములకి ఒక యూనిట్ చొప్పున బిల్లులో కోడ్ చెయ్యాలి. బంగారయ్యది నలభై మిల్లీగ్రాముల సిరంజి. ఫణిశ్రీ నాలుగు యూనిట్లని కొట్టింది. ఇన్సూరెన్స్ వారి సాఫ్ట్‌వేర్ దాన్ని నాలుగు పోట్లని చదువుకుంది. "ఒకే మనిషిని ఒకే పూట నాలుగుసార్లు పొడిచిన కారణం తెలుపగలరు" అని కొర్రీ వేసింది. ఆమె ఒక యూనిట్‌కి దించింది. "ఈ బరువు మనిషికి పది మిల్లీగ్రాములు చాలవు. నిర్లక్ష్య వైద్యానికి చెల్లించలేము" అని ఇంకో కొర్రీ. ఆమె మళ్ళీ నాలుగే కొట్టింది.

సంగతి తేల్చడానికి ఇన్సూరెన్స్ కంపెనీ ప్రేమ్‌చంద్ గారిని పంపింది. ఆయన టార్చిలైటుతో వచ్చి, చొక్కా ఎత్తించి, పండరీ బట్టల బజారులో చీర అంచు పరీక్షించినంత శ్రద్ధగా పొట్టని పరీక్షించారు. పాత మచ్చలు పసుపు, నిన్నటిది నీలం. ఇవాళ్టి ఎర్ర చుక్క ఒక్కటే.

"మిగతా మూడు కన్నాలూ ఏవీ?" అని హిందీలో గర్జించారు. "ఒక మాజీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి పొట్ట మీంచి మూడు కన్నాలు గల్లంతవడం చిన్న విషయం కాదు. పాలసీదారుల నమ్మకానికి మేము కాపలాదారులం. సాక్ష్యం ఉంటే సంతకం. లేదంటే మంచం ఉండనే ఉంది."

ఆయన వెళ్ళాక బంగారయ్య చొక్కా దించుకున్నాడు. "ఏటే పిల్లా, ఆడేటంతాడు? నానేటి కన్నాలు దాచీసేనా?"

"టెన్షన్ తీసుకోకు బాబాయ్. సిస్టమ్‌లో చిన్న గల్తీ."

"గల్తీ దానిదైతే దాని పొట్ట ఎత్తమను! నన్ను ఇంటికి పంపీయే తల్లీ. ఇక్కడ పడుకుని పడుకుని, వీపు పరుపుకి అంటుకుపోతంది."

ఫణిశ్రీకి జాలేసి మేనేజరుకి చెప్పింది. ఆయన అత్యవసర సమావేశం పెట్టారు. సాఫ్ట్‌వేర్ సరిచేసేవాళ్ళ ఆఫీసు నయా రాయపూర్‌లో ఉంది. అక్కడ రోడ్లు వెడల్పే గానీ జవాబిచ్చే మనుషులు దొరకరు. పొట్ట మాత్రం ఇక్కడే, రెండో అంతస్తులో ఉంది. "బిల్లు సత్యం పలికింది. ఇక పొట్ట కూడా పలకాలి" అని ఆయన ముగించగానే అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయ్ ఇంటికెళ్ళాలి కదా, ఫణిశ్రీ కూడా కొట్టింది.

మర్నాడు నర్సు ఒక్క డోసునే నాలుగు చోట్ల పొడిచింది. మొదటిదానికి బంగారయ్య దేవుణ్ణి తలిచాడు, రెండోదానికి రైల్వే బోర్డుని, మూడోదానికి కొడుకుని. నాలుగోదానికి ఫణిశ్రీ వైపు తిరిగి, "నా పొట్టేటి, గుంతపొంగణాల పెనమా?" అన్నాడు. ప్రేమ్‌చంద్ గారు వచ్చి, తనివితీరా లెక్కపెట్టుకుని సంతకం పెట్టారు. సాయంత్రానికి బంగారయ్య ఇల్లు చేరాడు.

ఆ మర్నాడు వార్డులో గొడవ. వరహాలమ్మ అనే పేషెంటు నర్సు చెయ్యి పట్టుకుని వదలడం లేదు. "ఆయన్ని నాలుగు పొడిసి ఇంటికంపీసినారు. నన్ను ఒక్కటే పొడిసి పడుకోబెట్టీసినారు. రైల్వేవోళ్ళ పొట్టలేటి, బంగారంతో చేసినారా?"

ప్రజాభిప్రాయాన్ని గౌరవించి ఆసుపత్రి అందరికీ నాలుగు మంజూరు చేసింది. జనం చొక్కాలెత్తి, కొంగులు తొలగించి, క్రమశిక్షణతో బారులు తీరారు. గోడ పక్క మంచం మీది రిటైర్డు మాస్టారొకరు మాత్రం, "ఆ సాఫ్ట్‌వేరే సరిచెయ్యమని అందరం కలిసి అడిగితే పోదూ?" అన్నారు.

వార్డంతా ఆయన మీద పడింది. "చదువుకున్నవాళ్ళతో ఇదే తంటా! అందరం సుఖంగా ఇంటికి పోతుంటే మధ్యలో మీ లడాయి ఏంటండీ?"

మాస్టారు మంచం దిగారు. తర్వాత చొక్కా ఎత్తుకుని వరసలో నిలబడ్డారు.