నీలి రింగు పెట్ట

సృష్టిలో ఆడ, మగ అనే తేడా పెట్టినవాడు దేవుడే అయినా, ఆ తేడాను సకాలంలో నమోదు చేయించకపోవడం ఆయన వైపు నుంచి జరిగిన పరిపాలనా లోపమని ఇప్పుడు పెద్దలంతా ఒప్పుకుంటున్నారు. ముఖ్యంగా కోడిపిల్లల విషయంలో ఆయన మరీ అశ్రద్ధ చూపాడు. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల పుంజో పెట్టో దాని మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. నెత్తిమీద తురాయి ఎర్రబడి, తోక ఈకలు వంపు తిరిగేదాకా ఆగాలి. ఆగడం సామాన్యుడి పని గానీ కార్యాలయం పని కాదు. అందుకని ఆ లోపాన్ని సవరించే పుణ్యకార్యాన్ని మా పట్టణంలో పెరటి పక్షుల క్రమబద్ధీకరణ కార్యాలయం నెత్తికెత్తుకుంది.

నియమం చాలా సరళం. పెరట్లో పెట్టల్ని పెంచుకోవచ్చు, పుంజుల్ని పెంచుకోకూడదు. పుంజులు కూస్తాయి. కూస్తే పౌరులు నిద్ర లేస్తారు. లేచినవాళ్లు ఊరుకోక, కార్యాలయం ఎన్నింటికి తెరుస్తారని అడుగుతారు. కాబట్టి ప్రతి కోడికీ పిల్లగా ఉన్నప్పుడే కాలికి రింగు వేయాలి. పెట్టకు ఎర్ర రింగు, పుంజుకు నీలి రింగు. కూత వయసు రాగానే నీలి రింగు కోళ్లన్నిటినీ కార్యాలయం వారి షెడ్డుకు అప్పగించాలి. లేత పాదం మీదుగా ఎక్కించిన రింగు, కాలు ఎదిగాక ఊడి రాదు. (ఈ ఒక్క విషయంలో మాత్రం కార్యాలయం ప్రకృతి సహకారం తీసుకుంది.)

మా ఇంట్లో అప్పటికి ఆరు పిల్లలున్నాయి. తల్లికోడిని పిల్లి ఎత్తుకుపోతే, మా ఇంటావిడ వాటిని వంటింట్లో అట్టపెట్టెలో, బల్బు వెలుతురు కింద పెట్టి సాకింది. అందులో ఒంటినిండా చుక్కలున్న పిల్ల ఒకటి మొదట్లో తల కూడా ఎత్తేది కాదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని వేలి కొసతో నీళ్లు పట్టి బతికించుకుంది. అప్పట్నుంచి ఆవిడ కూరలు తరుగుతుంటే అది ఆవిడ భుజమ్మీద కూర్చుని పర్యవేక్షించేది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకునే వేళ నా పక్కన ఉండాల్సిన మనిషి, కోడిపిల్లని నిద్రపుచ్చుతూ వంటింట్లో ఉండిపోయిన రోజులున్నాయి. దేవుడేమీ అనుకోలేదు. నేనే కొంచెం అనుకున్నాను.

రింగుల అధికారి ఒక ఉదయం కుర్చీ తనే తెచ్చుకుని వచ్చాడు. (మా కుర్చీలు క్రమబద్ధీకరించినవో కావో ఆయనకు తెలియదు కదా.) పెరట్లో కుర్చీ వేసుకుని, రెండు డబ్బాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంకా సరిగా ఈకలే రాలేదు బాబూ, ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అంది మా ఇంటావిడ.

"మాకు శిక్షణ ఇచ్చారమ్మా."

"ఎక్కడ చూస్తారు? తోక కిందా?"

ఆయన నొచ్చుకున్నాడు. "అలాంటి పనులు మేం చేయం. మాది స్వభావ పద్ధతి."

స్వభావ పద్ధతిని రూపొందించినవారు కోడిని దగ్గరగా చూడని మేధావులు. అందుకే అందులో పక్షపాతానికి తావు లేదు. పిల్లలన్నిటినీ పెరట్లో వదలాలి. తర్వాత పట్టుకోవాలి. ముందుగా దొరికినవి నెమ్మదిగలవి కాబట్టి పెట్టలు. ఆలస్యంగా దొరికినవి పొగరుబోతులు కాబట్టి పుంజులు. ప్రకృతి నిష్పత్తి ప్రకారం సగం సగం. సంఖ్య బేసిగా ఉంటే చివరిదాని సంగతి అధికారి విచక్షణకు వదిలేశారు.

మొదటి పిల్లని ఆయన ఒక్క కాలు పట్టుకుని పైకి లేపాడు. అది కీచుమని అరిచింది. ఆ అరుపు విన్న మా ఇంటావిడ, పక్కనే తచ్చాడుతున్న చుక్కల పిల్లని చటుక్కున తీసి కొంగులో దాచుకుంది. ఆవిడ ఉద్దేశం ఆ మొరటు చేయి దాని మీద పడకుండా చూడటమే. ఇంకే దురుద్దేశమూ లేదని నేను ప్రమాణం చేయగలను. ఎర్ర రింగులు మూడూ అయిపోయాయి. నీలి రింగులు రెండయ్యాయి. అధికారి లెక్క చూసుకున్నాడు.

"ఆరోది ఏదీ?"

కొంగు కిచకిచమంది.

"దాక్కుంది చూశారా! మగబుద్ధి అక్కడే తెలిసిపోతుంది," అని డబ్బాలోంచి నీలి రింగు తీశాడు.

"అది దాక్కోలేదయ్యా. నేను దాచాను!"

అధికారి ఆవిడ వైపు కాసేపు పరిశీలనగా చూశాడు. "మీ స్వభావం మా పరిధిలోకి రాదమ్మా," అని రింగు ఎక్కించేశాడు.

ఆ తర్వాత ప్రకృతి తన పని తాను చేసుకుపోయింది. కార్యాలయం చెప్పింది దానికి వినపడలేదో, విని కూడా లక్ష్యపెట్టలేదో తెలియదు. ఎర్ర రింగు వేసుకున్న మూడింట్లో రెండింటికి తురాయి మందారపువ్వంత అయింది, తోకలు కొడవళ్లలా వంగాయి. రెండూ పొద్దస్తమానం కలియబడి మొహాలు రక్కుకునేవి. మధ్యలో మూడోది, అంటే నిజంగానే పెట్ట అయిన పెట్ట, ఈ ఇద్దరు ఆడవాళ్ల ధాటికి వీపు మీద ఈకలూడి బోసిపోయింది. నీలి రింగు మూడింట్లో ఒకటి మాత్రం నిజంగా పుంజే అని తేలింది. (అది ఎలా సరిపోయిందో కార్యాలయం ఇంకా విచారిస్తోంది.) మిగతా రెండూ కుదురైన పెట్టలు. చుక్కల పిల్ల చుక్కల పెట్టయింది.

పక్కింట్లో ఉండే దర్జీ ఆవిడ గోడ మీదుగా తల పెట్టింది.

"అన్నయ్యగారూ, మీ పుంజులు తెల్లారకుండానే చంపేస్తున్నాయండీ!"

"పుంజులు కావమ్మా, పెట్టలు. రింగులతో పాటు ఇచ్చిన పత్రం ఉంది."

"అయితే ఆ పత్రాన్ని కాస్త మెల్లగా కూయమనండి. నా మిషను చప్పుడు నాకే వినపడట్లేదు."

ఆవిడ ఊరుకోక ఫిర్యాదు చేసింది. జవాబు వెంటనే వచ్చింది: నిషేధం పుంజులపైనే గానీ కూతపై కాదు. పెట్ట కూస్తే అది దాని వ్యక్తిగత విషయం. మా వీధిలో శాంతి నెలకొన్నట్టు అదే జవాబులో ధ్రువీకరించారు కూడా. ఆ సమయానికి రెండు పెట్టలూ ఒకదాన్ని మించి ఒకటి కూస్తుండటంతో ఆవిడ నాకు ఆ జవాబును గట్టిగా అరిచి చదివి వినిపించాల్సి వచ్చింది.

ఇక మనకు సెల్‌ఫోనులో 'పెరటి నేస్తం' అనే యాప్ ఉంది. ఏ పెట్ట గుడ్డు పెట్టిందో అందులో రోజూ చెప్పుకోవాలి. మా ఎర్ర రింగు పుంజులు రెండింటికీ సున్నా చూపేసరికి నేస్తం కలత చెందింది. "మీ కోడికి ప్రోత్సాహం అవసరం. దానితో ప్రేమగా మాట్లాడండి," అని రోజూ ఉదయం గుర్తుచేసేది. నేను రెండు మూడుసార్లు ప్రయత్నించాను. ప్రేమగా మాట్లాడబోతే అవి నా కాలి మీద పొడిచాయి. మరోవైపు చుక్కల పెట్ట వంటింటి అటక కింద పాత గిన్నెలో గడ్డి సర్దుకుని మొదటి గుడ్డు పెట్టింది. చిన్నది, గోరువెచ్చనిది. దాన్ని నమోదు చేద్దామని యాప్ తెరిస్తే, పెట్టినవారి జాబితాలో చుక్కలది లేదు. పుంజులకు ఆ సౌకర్యం లేదు.

అప్పగింత ప్రకటన వచ్చిన రోజే మిగతా రెండు నీలి రింగు కోళ్లనూ నేను అప్పగించి వచ్చాను. ఇక చుక్కల పెట్ట వంతు అనేసరికి మా ఇంటావిడ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

"ఏవండీ, ఆ రింగుకి ఎర్ర గోళ్లరంగు పూసేద్దామా?"

"తప్పు. అది మోసం అవుతుంది."

"అబద్ధం దాని కాలికుంది. దాన్ని కప్పెడితే మోసం ఎలా అవుతుంది?"

ఇదే మాట నేను దేవుడి ముందు నిలబడి అడిగాను. ఆయన ఎప్పటిలాగే విషయాన్ని పరిశీలనలో ఉంచాడు. అందుచేత నేను ధర్మం వైపే ఉన్నాను. (పక్కింటి దర్జీ ఆవిడ చేతి గోళ్లకు నేనెప్పుడూ రంగు చూడలేదు. ఆ వారంలో వాళ్ల కోళ్లన్నీ మాత్రం ఎర్ర రింగులతో మెరిసిపోయాయి. ఆవిడ ధర్మం ఎటువైపు ఉందో నేను అడగలేదు.)

చుక్కల పెట్టను చంకలో పెట్టుకుని, అప్పుడే పెట్టిన గుడ్డును రుమాల్లో చుట్టుకుని, మా ఇంటావిడ నన్ను వెంటబెట్టుకుని కార్యాలయానికి బయల్దేరింది. వరుసలో చాలామంది ఉన్నారు. చాలామంది చంకల్లో కోళ్లున్నాయి. అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి, కోళ్లవి తప్ప. కిటికీ వెనక ఉన్నది మన రింగుల అధికారే.

"ఇది పెట్ట బాబూ. చూడండి, గుడ్డు కూడా పెట్టింది."

ఆయన రింగు చూశాడు. గుడ్డు చూశాడు. మళ్లీ రింగు చూశాడు.

"అమ్మా, పుంజు గుడ్డు పెట్టదు. ఆమాత్రం మాకు తెలియదనుకున్నారా?"

"నేను చెప్పేదీ అదేనయ్యా!"

"మరింకేం. ఇద్దరిదీ ఒకటే మాటయింది. గొడవేముంది ఇందులో?"

"అదికాదు, గుడ్డు పెట్టింది కాబట్టి ఇది పుంజు కాదు అంటున్నాను."

"ఇది పుంజు కాబట్టి ఆ గుడ్డు దీనిది కాదు అంటున్నాం మేం. మీరు మొదట గుడ్డు దగ్గర మొదలెట్టారు, మేం కోడి దగ్గర మొదలెట్టాం. అంతే తేడా."

వెనక నిలబడ్డ పెద్దాయన ఒకడు, "తొందరగా కానివ్వమ్మా, నా పుంజుకి గుడ్డొచ్చేట్టుంది," అన్నాడు. వరుసంతా నవ్వింది. ఆ నవ్వులో ఎవరూ సంతోషంగా లేరు.

అధికారి మరీ రాతిగుండె వాడేమీ కాదు. కిటికీలోంచి ముందుకు వంగి, గొంతు తగ్గించి దారి చెప్పాడు. పునఃపరిశీలన అనేది ఒకటుంది. ముందు కోడిని అప్పగించాలి. దాన్ని షెడ్డులో పరిశీలనలో పెడతారు. అది గుడ్డు పెట్టడం షెడ్డు ఇన్‌చార్జి స్వయంగా చూస్తే రింగు మారుస్తారు, ఇంటికి పంపేస్తారు. మా ఇంటావిడ మొహం విప్పారింది. రోజు విడిచి రోజు గుడ్డు పెట్టే కోడికి ఇదేం పరీక్ష! చుక్కల పెట్ట తల నిమిరి, "నాలుగు రోజులు ఓపిక పట్టు, వచ్చేస్తావ్," అని చెప్పి కిటికీలోంచి లోపలికి అందించింది. అది ఆవిడ భుజమ్మీదకి ఎక్కబోయి, చేతులు మారిపోయి, మెడ తిప్పి చూస్తూ లోపలికెళ్లిపోయింది. ఇంటికొచ్చాక ఆవిడ చేతిలో రుమాలు అలాగే ఉంది. గుడ్డును ఎవరూ తీసుకోలేదు, వద్దనలేదు.

వారమైంది. కబురు లేదు. మరో వారమైంది. మూడో వారం మేమే షెడ్డుకు వెళ్లాం.

ఊరి చివర రేకుల షెడ్డు అది. గుమ్మం మీద 'పుంజుల నివాసం' అని రాసి ఉంది. లోపల నీలి రింగుల కోళ్లు వందల్లో ఉన్నాయి. నేను కోళ్ల గురించి పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు గానీ, ఇన్ని పుంజులు ఒక్కచోట ఉండి ఒక్క కూతైనా వినపడకపోవడం, ఒక్కదాని మొహం మీదైనా గాయం లేకపోవడం చూసి కార్యాలయం వారి క్రమశిక్షణకు ఆశ్చర్యపోయాను. (నిజంగా కూసేవాటిని వచ్చిన రోజే బయట వేలం వేస్తారట. అవి పరిశీలనకు పనికిరావట.) గోడ వెంబడి గడ్డి పరిచిన గంపలు వరుసగా ఉన్నాయి. పుంజులకు గంపలెందుకని అడగబోయి మానేశాను. పని ముగించుకుని బయటికొస్తున్న సిబ్బంది ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బుట్ట ఉంది, పైన తువ్వాలు కప్పి ఉంది. అందరూ చాలా జాగ్రత్తగా, మెత్తగా అడుగులేస్తున్నారు. అంత మృదువుగా నడిచే ఉద్యోగుల్ని నేను ఇదివరకు చూడలేదు.

చుక్కల పెట్ట మూలన ఒక గంపలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్లీ సర్దుకుని కూర్చుంది. పనిలో ఉంది.

షెడ్డు ఇన్‌చార్జి తన గదిలో భోజనం చేస్తున్నాడు. లావుపాటి మనిషి, మాట మర్యాదగలవాడు. కూర్చోమన్నాడు. పళ్లెంలో ఆమ్లెట్టు, పక్కన ఉడికించి సగానికి కోసిన గుడ్లు.

"మా చుక్కల కోడి సంగతి ఏమైంది అన్నయ్యా?" అంది మా ఇంటావిడ. "గుడ్డు పెట్టిందా?"

ఆయన బాధగా తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. అబద్ధం ఎందుకాడాలి? నేను ఈ షెడ్డులో చేరిన దగ్గర్నుంచీ ఒక్క గుడ్డు కూడా నా కంటపడలేదు. మీదే కాదు, ఎవరి కోడీ పెట్టలేదు. పెట్టినట్టు చూశానని రాయమంటే, రేపు పైవాడికి నేనేం జవాబు చెప్పుకోవాలి?"

ఆయన వేలు ఆకాశం వైపు చూపిందో, పై అంతస్తు వైపు చూపిందో నాకు అర్థం కాలేదు. దేవుడంటే భయమున్న మనిషిని ఎదిరించే అలవాటు నాకు లేదు. నేను లేచాను. మా ఇంటావిడ లేవలేదు. ఆయన పళ్లెంలోకే చూస్తోంది.

"ఇంకా ఎన్నాళ్లు పెడతారు పరిశీలనలో?"

"పెట్టేదాకానమ్మా. మేం దేన్నీ మధ్యలో వదిలేయం," అని ఆయన గుడ్డు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.  తర్వాత మొహమాటపడుతూ అడిగాడు:

"ఏమీ అనుకోకు చెల్లెమ్మా, మీ ఇంట్లో దానికి మేతలో ఏం కలిపేదానివి? మొదటి వారం పచ్చసొన బంగారంలా ఉండేది. ఈ మధ్య బాగా పాలిపోయింది."

నేను మా ఇంటావిడ వైపు చూశాను. కేకలేస్తుందనుకున్నాను. వేస్తే ఆపాలని కూడా సిద్ధమయ్యాను. ఆవిడ పళ్లెం మీంచి చూపు తిప్పుకుంది. కిటికీలోంచి మూలనున్న గంప కనపడుతోంది.

"తవుడు ఒక్కటే పెడితే దానికి పడదు," అంది చివరికి. "పొద్దున్నే పచ్చి ఆకుకూర సన్నగా తరిగి కలపండి. నీళ్లు మాత్రం రోజూ మార్చండి."

ఆయన ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఆ విషయం మాత్రం శ్రద్ధగా నమోదు చేసుకున్నాడు.