పనికిరాని డిగ్రీ

వచ్చే సోమవారం లావణ్య ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగంలో చేరాలి. నగర్తపేటలో చీర అంచులకు కుట్టే లేసుల అంగడి నడిపే ఆమె తండ్రి వెంకటేశప్ప, ఆ పూట బేరం తొందరగా ముగించి కూతురికి మంచి చెప్పులు కొనిపెట్టాలనుకున్నాడు. షట్టరు ఎత్తుతుండగా పక్కంగడి అశోక్‌కుమార్ వచ్చి చెవిలో ఓ మాట వేశాడు.

"చదివి ఉద్యోగం లేని పిల్లోళ్ల బ్యాంకు అప్పు మాఫీ చేస్తారంటప్పా. విచారించేకి ఇంటికే వస్తారంట."

లావణ్య ఇంజనీరింగుకు తెచ్చిన అప్పుకు పూచీ వెంకటేశప్పదే. ఈ ఉద్యోగం ఇంకొన్నాళ్లు ఆగి వచ్చి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు కూడా. అంతలో ఫోను మోగింది.

"లావణ్య గారి వెరిఫికేషన్ కోసం కాల్ చేస్తున్నాను సార్. నా పేరు జ్ఞానప్రకాశం." ఎక్కడి నుంచో కూడా చెప్పాడు గానీ, ఆ మాట ఆటో హారన్లో కలిసిపోయింది. "ఆవిడ ఇంజనీరింగ్ కంప్లీట్ చేశారు కదా?"

"చేసిండాది, ఏం ప్రయోజనం సార్? ఉద్యోగం లేదు, ఏమీ లేదు. అంగట్లో కూసోనుండాది."

"మధ్యాహ్నం వచ్చి కలుస్తాను" అన్నాడు జ్ఞానప్రకాశం.

వెంకటేశప్ప మేడ మీది ఇంట్లోంచి కూతుర్ని కిందికి పిలిచి, చిక్కుపడిన లేసుల మూట ఆమె ముందు పోశాడు. చేతికున్న కొత్త వాచీ తీయించి గల్లాపెట్టెలో దాచాడు.

"ఎందుకు నాయనా?"

"లేసుకు తగులుకుంటాది."

జ్ఞానప్రకాశం చెమటతో తడిసిన చొక్కాతో వచ్చాడు. వెంకటేశప్ప ఆయన్ని గడప దగ్గరే ఆపి ఏకరువు పెట్టాడు. "చూడండి సార్, నాలుగేండ్లు చదివి లేసులు విడదీస్తా ఉండాది."

"రెజ్యూమెలో ప్రాజెక్ట్ చేశానని రాశారు కదండీ?" అన్నాడాయన ఆశ్చర్యంగా.

"అదంతా కాపీ సార్. దానికి కూడికలే రావు."

ఆ మాట లోపలికి వినబడింది. లావణ్య లేచి వచ్చింది. "ఎవరితో చెబుతా ఉండావు నాయనా?"

"బ్యాంకు సారుతో."

"నేను బ్యాంకు కాదండీ" అన్నాడు జ్ఞానప్రకాశం. "ఆవిడ చేరబోయే కంపెనీ తరఫున వచ్చాను."

లావణ్య కళ్లలో నీళ్లు నిలిచాయి. "కాలేజీకి వచ్చి, ఇది నా కూతురు చేసిందని ఆ ప్రాజెక్టు అందరికీ చూపిస్తివి కదా. కాపీ అని ఎట్ల నోరొచ్చింది?"

"ఉద్యోగం లేనోళ్లకి అప్పు మాఫీ అంటే ఆశపడితిని సార్" అన్నాడు వెంకటేశప్ప చేతులు జోడించి. "ఆ ప్రాజెక్టంతా నా కూతురే చేసింది. నేను చెప్పిందంతా కొట్టేయండి." ఇన్నేళ్లూ గొప్పగా చెప్పుకున్న చదువును ఒక్క పూటలో ఎంత చవక చేశాడో, కూతురి ముఖం చూశాకే ఆయనకు తెలిసొచ్చింది.

జ్ఞానప్రకాశం అంగడి బోర్డును ఫోటో తీసుకున్నాడు. "చదువు సంగతి కాలేజీవాళ్లు ఎప్పుడో చెప్పేశారండీ. ఆవిడ ఈ అడ్రస్‌లో ఉంటారా లేదా, నేను రాయాల్సింది అంతే." వెళ్లబోయి ఆగాడు. "ఆ మాఫీ నిజమేనా? నాదీ ఇంజనీరింగే. పని మాత్రం అడ్రస్‌లు వెతకడం. లోన్ ఇంకా ఉంది."

లావణ్య కళ్లు తుడుచుకుని ఫోనులో వెతికింది. అలాంటి ప్రకటన ఎక్కడా కనబడలేదు. "పుకారు లాగుండాది సార్" అని మెల్లగా చెప్పి, ఆయనకు కుర్చీ జరిపింది.

"మీరు తప్పకుండా జాయిన్ అవండి మేడం. చదివిన దానికి తగ్గ పని దొరకడం చిన్న విషయం కాదు."

వెంకటేశప్ప కాఫీలు తెప్పించాడు. అప్పు చేసి డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు ఇద్దరున్నా, కాఫీల డబ్బులు మాత్రం ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన వెంకటేశప్పే ఇచ్చాడు.