డ్యూక్ గారి బొచ్చు మిషను కమిటీ

ఇప్పపూలు రాలే రోజులు. ముర్లగూడెం సంత కిటకిటలాడుతున్న వేళ తహసీల్ కచేరీ డప్పు మోగింది.

“వినండహో! తహసీల్దార్ గజాధర్ ప్రసాద్ గారి హుకుం! పెంబర్టన్ దొరగారి కుక్క డ్యూక్ గారికి ఇంటిపట్టునే బొచ్చు తీయడానికి ఏ మిషను తగినదో తేల్చేందుకు కమిటీ వేయడమైనది! కమిటీ తేల్చేదాకా డ్యూక్ గారి ఒంటి మీద ఎవరూ కత్తెర గానీ, కత్తి గానీ, గోరు గానీ వేయరాదు! వేసినవాడి కాళ్లకు బొండకొయ్యే!”

డప్పువాడు ఇదే సంగతి హిందీలో, హల్బీలో, గోండీలో కూడా చెప్పాడు. గోండీలో కమిటీకి మాట దొరక్క ఆ చోట డప్పు రెండు దెబ్బలు ఎక్కువ కొట్టాడు. జనం తలలూపారు. చాలామందికి అన్ని భాషల్లోకీ అదే బాగా అర్థమైంది.

ఉప్పు అమ్మేవాళ్ల పక్కన కూర్చుని గడ్డం గీస్తున్న మంగలి అప్పయ్య చెయ్యి సగం చెంప మీదే ఆగిపోయింది. శబరి నది ఒడ్డున ఆ ఊరికి ఉన్న ఒకే ఒక్క మంగలి అతను. కుక్క వచ్చిన పది రోజుల్నుంచీ కచేరీ నుంచి పిలుపొస్తుందని కత్తెరకు రెండుసార్లు సాన పట్టించి పెట్టుకున్నాడు.

పెంబర్టన్ దొర ఆ ప్రాంతానికంతటికీ సంస్థానం వేసిన ప్రత్యేకాధికారి. ఎండలకు తాళలేక నెలన్నర కోసం కొండల మీదికి వెళ్తూ, అక్కడి హోటల్లో కుక్కల్ని రానివ్వరని డ్యూక్‌ని తహసీల్దారుకు అప్పగించాడు. చిన్న చీటీ కూడా రాశాడు. ‘ఎండలు ముదరకముందే ఇంటి దగ్గరే బొచ్చు తీయించండి. మంచి క్లిప్పర్ చూసి ఎంచుకోండి.’

మామూలు అధికారి అయితే మంగలిని పిలిచేవాడు. గజాధర్ ప్రసాద్ గారు మామూలు అధికారి కాదు. ‘ఎంచుకోండి’ అన్న మాట ఆయన్ని మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. ఎంచుకోవాలంటే ఒకటి కంటే ఎక్కువ ఉండాలి. ఎంచుకున్నది తప్పయితే ఆ తప్పు ఒకడి కంటే ఎక్కువమందిది అయ్యుండాలి. అందుకని అటవీ రేంజర్‌నీ, ఆసుపత్రి కాంపౌండర్‌నీ సభ్యులుగా వేసి తాను అధ్యక్షుడయ్యాడు. అప్పయ్యను నిపుణుడిగా నియమించాడు. నిపుణుడు సమావేశాలకు తప్పక రావాలి, మాట్లాడకూడదు.

అయినా మొదటి రోజే అప్పయ్య నోరు జారాడు.

“దొరా, కుక్క తోలు పలచన. ముందు దువ్వెనతోటి చిక్కు దీసి, పళ్లు ఎడంగున్న మిషనుతోటి వెంట్రుక వాలు మీదనే పోవాలె. ఒక గంట పని.”

“గంటా?” తహసీల్దారు గారు నవ్వారు. “అరే అప్పయ్యా, గంటలో అయ్యే పనికి కమిటీ ఎందుకు?”

అప్పయ్యకు అదే సందేహం వచ్చింది కానీ నిపుణుడు కాబట్టి ఊరుకున్నాడు.

మిషన్ల కోసం కలకత్తాకు రాశారు. అవి వచ్చేలోగా ఎండ ముదిరింది. ఒళ్లంతా జేనెడు బొచ్చుతో డ్యూక్ తహసీల్దారు గారి వరండాలో నాలుక వేలాడేసుకుని పడుకున్నాడు. అతిథికి ఏమైనా అయితే ఎలాగని భేజ్జి అనే ఊరి నుంచి ఎనిమిది మందిని వెట్టికి రప్పించారు. నలుగురు పొద్దున, నలుగురు మధ్యాహ్నం నుంచి పంకా లాగాలి. బొచ్చు తీసేదాకా ఊరు వెళ్లకూడదు.

వాళ్లలో సుక్కా అనే దోర్ల తెగ రైతు అప్పయ్యకు సంతలో పరిచయం. పంకా తాడు లాగుతూనే అడిగాడు.

“అప్పయ్య మామా, ఏందిది? మా ఇప్పపూలు రాలిపోతున్నయే. ఇంటిది ఒక్కతే ఏరుతాంది. ఆమె ఒక చెట్టు కాడుంటే ఇంకో చెట్టు కాడ ఎలుగ్గొడ్లు తింటున్నయంట. వానకాలం మేం ఏం తినాలె?”

“మిషన్లు రావాలె సుక్కా.”

“నీ కాడ కత్తెర ఉన్నది గద?”

“ఉన్నది. అది కమిటీ తేల్చిన కత్తెర కాదు.”

సుక్కా తాడు ఇంకాస్త గట్టిగా లాగాడు.

పదిహేనో రోజుకు పార్సిల్ వచ్చింది. అందులో మూడు మిషన్లు. మొదటిది గుర్రాలకు వాడేది, రెండు చేతులతో నొక్కాలి. దాని చప్పుడు వినగానే డ్యూక్ వెళ్లి తహసీల్దారు గారి మంచం కింద దూరాడు. ‘అభ్యర్థి హాజరు కాలేదు’ అని రాసుకుని దాన్ని కొట్టేశారు.

రెండోది మనుషుల తలకు వాడేది, పళ్లు సన్నం. దాన్ని నేరుగా దొరగారి కుక్క మీద పెట్టడం ప్రమాదమని రేంజరు గారి కంబళి మీద ట్రయల్ వేశారు. నాలుగు వేళ్ల మేర నడిచి ఇరుక్కుంది. తీయడానికి కాంపౌండర్ ఆసుపత్రి నుంచి పట్టకారు తేవాల్సి వచ్చింది. కంబళి మాత్రం ఎంతో ఓర్పు చూపిందని కమిటీ రికార్డు చేసింది.

మూడోది నల్లగా, నున్నగా మెరుస్తోంది. దానికి పొడుగాటి తీగ, తీగ చివర రెండు ఇత్తడి ముళ్లు. కరెంటు మిషను. దాన్ని నిద్రపోతున్న డ్యూక్ వీపు మీద అరగంటసేపు ఉంచారు. డ్యూక్ కదల్లేదు. చప్పుడు లేదు, వేడి లేదు, గాటు పడలేదు, ఒక్క వెంట్రుకకు కూడా హాని జరగలేదు.

“భేష్!” అన్నారు తహసీల్దారు గారు. “కుక్కకు ఏ మాత్రం బాధ లేకుండా పనిచేసేది ఇదొక్కటే.”

అప్పయ్య ఉండబట్టలేకపోయాడు. “పనిచేయలే గద దొరా. కరెంటు లేదాయె.”

“పనిచేయకముందే ఇంత బాగుంటే, చేస్తే ఎంత బాగుంటుందో ఆలోచించు!”

కమిటీ ఏకగ్రీవంగా కరెంటు మిషనును ఎంపిక చేసింది. ముర్లగూడేనికి వెంటనే కరెంటు పంపవలసిందిగా తహసీల్దారు గారు పై కచేరీకి ఉత్తరం రాశారు. అది వచ్చేదాకా పంకా ఆగకూడదన్నారు.

మరో వారం గడిచింది. కరెంటు రాలేదు. డ్యూక్ తిండి మానేశాడు. రోజూ దూరం నుంచి చూసిపోతున్న అప్పయ్యకు వాడి పక్కటెముకల కదలిక నచ్చలేదు. ఆ పూట ఇంటికెళ్లి అన్నం కలుపుకుని ముద్ద ఎత్తలేదు.

“ఏందయ్యో, తినవా?” అంది పెళ్లాం బుల్లమ్మ.

“ఆ కుక్క రెండు రోజుల కంటె ఎక్కువ బతకదే.”

“బతకకపోతే దొర వచ్చి తహసీల్దార్ని అడుగుతడు. తహసీల్దారు నిపుణుడిని అడుగుతడు. నిపుణుడు ఎవరయ్యా?”

అప్పయ్య ముద్ద కంచంలో పెట్టేసి లేచాడు.

కత్తెర తీసుకుని మిట్టమధ్యాహ్నం వరండా చేరాడు. తహసీల్దారు గారు లోపల గురక పెడుతున్నారు. సుక్కా డ్యూక్ తలను ఒళ్లో పెట్టుకుని చెవుల వెనక గోకుతూ ఏదో గోండీలో చెబుతుంటే, అప్పయ్య చిక్కులు తీసి కత్తెర వేశాడు. చంకల కింద చర్మం కమిలి ఎర్రగా ఉంది. అక్కడ కొబ్బరినూనె రాశాడు. గంట కూడా పట్టలేదు. డ్యూక్ లేచి ఒళ్లు దులుపుకుని, కుండలో మూతి పెట్టి నీళ్లన్నీ తాగేశాడు. పంకా లాగేవాళ్లలో ఒకడికి నవ్వాగలేదు. ఆ నవ్వుకు తహసీల్దారు గారు నిద్ర లేచి బయటికొచ్చారు.

“ఈ ఊరకుక్కను లోపలికి ఎవడు రానిచ్చాడు?”

“డ్యూక్ గారే దొరా,” అన్నాడు అప్పయ్య. బొండకొయ్య కళ్ల ముందు మెదిలింది. “మిషను పనిచేసింది.”

“కరెంటు లేకుండానా?”

అప్పయ్య నోటికొచ్చింది చెప్పాడు. “తమరు రమ్మని రాసిన్రు గద దొరా. వచ్చి పోయి ఉంటది.”

తహసీల్దారు గారి ఉత్తరానికి పై కచేరీ బదులివ్వడం సర్వీసులో ఇదే మొదటిసారి. కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి, కరెంటు మిషను దిగ్విజయంగా పనిచేసినట్టు పదకొండు పేజీల రిపోర్టు రాశారు. పంకావాళ్లను పొమ్మన్నారు. సుక్కా వెనక్కి చూడకుండా భేజ్జి దారి పట్టాడు. ఇంకా నాలుగు రోజుల పూలు మిగిలున్నాయి.

అయిదో రోజు పెంబర్టన్ దొర దిగాడు. డ్యూక్‌ని ఎత్తుకుని ముద్దాడి, మిషను చూపించమన్నాడు. తహసీల్దారు గారు దాన్ని పట్టుగుడ్డలో పెట్టి తెచ్చారు. దొర తీగను చివరిదాకా చేత్తో తడిమి, ఆ ఇత్తడి ముళ్లను చూశాడు. తర్వాత ఏ తీగా లేని వరండా దూలాల వైపు చూశాడు.

నిపుణుడు గనక అప్పయ్య మూల నిలబడి ఉన్నాడు. తన పని అయిపోయిందనుకున్నాడు.

“ఈ రిపోర్టు ఎవరికి పంపారు?” దొర మెల్లగా అడిగాడు.

“రాయపూర్ దాకా పంపాను హుజూర్!”

దొర తలుపు దగ్గరికేశాడు. అతని ముఖంలో కోపం లేదు, గొప్ప నిశ్చింత ఉంది. “మంచి పని చేశారు. ముర్లగూడేనికి కరెంటు వచ్చిందని నేను పోయినేడే లెక్కల్లో రాసేశాను. ఇన్నాళ్లూ సాక్ష్యమే లేకపోయింది.”

వారం తిరగకుండా రాయపూర్ నుంచి కరెంటు ఇన్‌స్పెక్టర్ వస్తున్నట్టు కబురొచ్చింది. సుక్కానీ, మిగతా ఏడుగురినీ మళ్లీ పిలిపించారు. ఒక్కొక్కరికీ ఒక టేకు వాసం ఇచ్చి, పై చివరలు కలుపుతూ నులక తాడు కట్టి, కచేరీ వీధి పొడవునా నిలబెట్టారు.

“మామా, ఇదేంది?” అన్నాడు సుక్కా.

“కరెంటు.”

“నా చేతిలో ఉన్నదా?”

“కదలకు.”

ఇన్‌స్పెక్టర్ మోటారు దిగాడు. డ్యూక్ దొర చేతిలోంచి దూకి మూడో స్తంభం దగ్గరికి పరుగెత్తి, సుక్కా మోకాళ్లు నాకుతూ తోక ఊపాడు.

“కుక్కలకు కరెంటు స్తంభాలంటే ప్రాణం,” అన్నాడు పెంబర్టన్ దొర.

ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాడు. “దీపాలేవీ?”

“పగలు కదా హుజూర్, ఆర్పేశాం,” అన్నారు తహసీల్దారు గారు.

సంస్థానం పొదుపును మెచ్చుకుంటూ ఇన్‌స్పెక్టర్ అక్కడే సంతకం పెట్టాడు. ఇంత చక్కటి సౌకర్యం కచేరీ వీధికే పరిమితం కావడం అన్యాయమనీ, రిపోర్టు ప్రకారం ఇన్ని రోజులు చెమటోడ్చిన భేజ్జి ప్రజలకు కూడా తక్షణం అందించాలనీ సిఫారసు చేశాడు.

మరుసటి సంత నాటికే భేజ్జికి కరెంటు వచ్చింది. చూడడానికి ఊళ్లో ఎవరూ లేరు. ముసలీ ముతకాతో సహా అందరూ దారి పొడవునా వాసాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.