పద్నాలుగో పేపరు ఫీజు

విశ్వవిద్యాలయం ఫీజును డబ్బు రూపంలో తీసుకోవడం మానేసి, విద్యార్థికి తెలిసిన పనుల రూపంలో తీసుకోవడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్ళయింది కాబట్టి, మున్సిపాలిటీ వాల్వు ఆపరేటరు ఓబులేసు ఆగిపోయిన డిగ్రీని ఆన్‌లైన్లో పూర్తి చేద్దామనుకున్నప్పుడు ఆ సంగతి అతనికి వింతగా తోచలేదు.

పద్ధతి తేలికే. ఒక పేపరుకు ఒక పని. అది చేత్తోనో చెవితోనో నేర్చుకున్నదై ఉండాలి. పుస్తకాల్లో ఉన్నది చెల్లదు, పుస్తకాలు విశ్వవిద్యాలయం దగ్గర చాలానే ఉన్నాయి. విద్యార్థి తనకు తెలిసిన పనిని యాప్‌లో రాస్తాడు. మదింపు విభాగం దానికి విలువ కడుతుంది. ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆ ఆరు అంకెలు నొక్కిన నిమిషం నుంచి ఆ పని అతనికి తెలియదు. రశీదు మెయిల్లో వస్తుంది.

ఓబులేసుకు ఇప్పుడు డిగ్రీ ఎందుకంటే, పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మార్చి ముప్పై ఒకటిలోపు డిగ్రీ చూపించని ఆపరేటర్లను తీసేస్తారు. ఏ డిగ్రీ అయినా పరవాలేదు. పైపుల గురించే చదివి ఉండాలని ఎవరూ అనలేదు. ఓబులేసు పందొమ్మిదేళ్ళుగా ఆ ఊరికి నాలుగు రోజులకొకసారి నీళ్ళు వదులుతున్నాడు. నీళ్ళు వదిలే రోజునే పరీక్షలు పడుతూ ఉంటే విసుగెత్తి, పదకొండేళ్ళ కిందట బి.ఎ. చరిత్రను పది పేపర్ల దగ్గర ఆపేశాడు. మిగిలినవి పద్నాలుగు. అవి మార్చిలోపు కాకపోతే పాత పది కూడా కొట్టేస్తారట.

అతని భార్య గంగరత్న ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆమె ఒక అట్టముక్క తీసుకుని మూడు గళ్ళు గీసింది. ఖర్చు, కాలం, గండం. కాలం గడిలో ఏడు నెలలు అని రాసింది, నెలకు రెండు పేపర్లు. గండం గడి దగ్గర కాసేపు ఆగింది. ఫెయిలైతే ఇచ్చిన పని వెనక్కి రాదు, మళ్ళీ రాయాలంటే ఇంకోటి ఇవ్వాలి. పక్క వీధి కండక్టరు ఎకనామిక్స్ మూడుసార్లు తప్పి, పంచె కట్టుకోవడం, తమలపాకుకు సున్నం రాయడం, అత్తగారితో సర్దుకుపోవడం మూడూ పోగొట్టుకున్నాడు. పంచెకు బదులు ప్యాంటు వేసుకుంటున్నాడు. మిగతా రెండింటికీ బదులు దొరకలేదు.

ఓబులేసు హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి, డిగ్రీ వచ్చినాక పనులు తిరిగిస్తారా అని అడిగాడు.

"డిగ్రీ వచ్చాక వాటితో మీకు అవసరం ఉండదు సార్" అంది అవతల అమ్మాయి. కాల్‌కు ఎన్ని మార్కులిస్తారో కూడా అడిగింది.

ఖర్చు గడి నింపడానికి మూడు రోజులు పట్టింది. బావిలో ఈత, మేక పళ్ళు చూసి వయసు చెప్పడం, గాలి వాసన బట్టి వాన చెప్పడం, ఇట్లా రాసుకుంటూ పోయారు. పేకాట రాస్తే మదింపు విభాగం వద్దంది. అప్పటికే ఆ జిల్లా నుంచి చాలా వచ్చి పడిందట.

"నా కూరల్లో వంకలు పెట్టేది రాయి ముందు. దాంట్లో నీకు బాగా అనుభవముంది" అంది గంగరత్న.

రాశారు. దానికి అర పేపరు విలువే కట్టారు. మిగతా అరకు ఓబులేసు ఈల వేయడం కలిపాడు.

ఐదో పేపరుకు కూతురు కీర్తనకు జడలు వేయడం పోయింది. రోజూ పొద్దున అతనే వేసేవాడు. మరుసటి రోజు దువ్వెన పట్టుకుని ఆ పిల్ల వెనకాల నిలబడి, జుట్టును మూడు పాయలు చేయాలా నాలుగు చేయాలా అని అడిగాడు. ఆ పిల్ల జుట్టు విరబోసుకుని బడికి పోయి, శిక్షగా ఎండలో నిలబడి వచ్చింది. గంగరత్న అట్ట తీసి గండం గడిలో ఒక గీత గీసి, మళ్ళీ మిషను దగ్గర కూచుంది. ఓబులేసు ఆ పేపరు అరవై రెండు మార్కులతో పాసయ్యాడు.

ఫిబ్రవరి ఆఖరుకు పదమూడు అయిపోయాయి. పద్నాలుగో దానికి ఏం రాసినా విలువ చాలదనే వచ్చింది. చివరికి యాప్ తానే చెప్పింది: మీ దగ్గర అర్హత గల పని ఒకటి మిగిలి ఉంది.

ఉంది. ఆ ఊళ్ళో పైపులు యాభై ఏళ్ళ కిందటివి. వాటి మ్యాపు ఆఫీసు బీరువాలో చెదలు తినేసింది. నేల కింద ఎక్కడ పైపు పగిలిందో తెలియాలంటే తెల్లవారుజామున నీళ్ళు వదిలినప్పుడు ఇనుప కడ్డీ ఒక కొనను వాల్వు మీద ఆనించి, రెండో కొనను చెవికి పెట్టుకుని వినాలి. బాగున్న పైపు ఒక రకంగా పలుకుతుంది, కారే పైపు ఇంకో రకంగా. ఓబులేసు అట్లా విని, వీధిలో నాలుగడుగులు వేసి, మడమతో నేల మీద గుర్తు పెట్టేవాడు. అక్కడ తవ్వితే తడి మట్టి వచ్చేది. ఆ వినికిడి ఊరు మొత్తానికి అతనొక్కడికే ఉంది.

ఆ సంగతి అతనితో పాటు పనిచేసే దస్తగిరికి బాగా తెలుసు. దస్తగిరి అతనికంటే రెండేళ్ళు పెద్ద. పదో తరగతితో చదువు ఆపినవాడు కాబట్టి ఏప్రిల్లో అతన్ని తీసేయడం ఖాయం. ఓబులేసు దాన్ని ఫీజు కింద ఇచ్చేయబోతున్నాడని విని, పంప్‌హౌస్ మెట్ల మీద కూచుని బీడీ ఆర్పేసి చెప్పాడు.

"నా ఉద్యోగం ఎట్లాగూ పోతాది, పోనీలే. ఆ కడ్డీ వినేది మాత్రం నాకు నేర్పిచ్చు ఓబులేసూ. ఊర్లో ఒకనికన్నా తెలిసుండల్ల గదప్పా."

ఓబులేసు ఆ మాట యాప్‌లో అడిగి చూశాడు. నిబంధన ఇరవై రెండు: ఫీజుగా చెల్లించదలచిన పనిని ఇంకొకరికి నేర్పితే దాని విలువ సగమవుతుంది. సగానికి పద్నాలుగో పేపరు రాదు. ఈ నిబంధన రాసినవాళ్ళకు నెలనెలా జీతం పడుతుంది, అది వేరే సంగతి.

నీళ్ళు వదిలే రెండు రోజులూ అతను దస్తగిరి కంటపడకుండా ఇంకో దారిన తిరిగాడు.

ఓటీపీ వచ్చిన పొద్దున గంగరత్న మిషను ఆపి పక్కన నిలబడింది. అంకెలకు పది నిమిషాల గడువు. ఏడు నిమిషాలు అతను ఫోను వైపు చూస్తూనే ఉన్నాడు.

"ఊరి పైపుల సంగతి ఊరు చూసుకుంటాది. మనకు బియ్యం తెచ్చేది ఉద్యోగం" అంది ఆమె. గొంతు కటువుగా పెట్టుకుని అంది గానీ, అట్ట మీద గండం గడిని చేత్తో మూసి పట్టుకుంది.

అతను నొక్కాడు.

ఆ పేపరులో ప్రశ్న హరప్పా నగరాల నీటి సరఫరా గురించి. కాల్చిన ఇటుకల బావులని రాసి డెబ్భై నాలుగు తెచ్చుకున్నాడు. ఏప్రిల్లో అతన్ని సూపర్‌వైజరును చేశారు. కుర్చీ, బల్ల, బల్ల మీద అద్దం. పట్టా ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీశారు.

మే నెలలో కుమ్మరి వీధికి నీళ్ళు ఆగిపోయాయి. పదకొండు చోట్ల రోడ్డు తవ్వారు, ప్రతి గుంతకూ ఓబులేసు సంతకం పెట్టాడు. తవ్వేవాళ్ళలో దస్తగిరి ఉన్నాడు, ఇప్పుడు కాంట్రాక్టరు కింద కూలి. పదకొండో గుంత కూడా పొడిగానే తేలినాక అతను పంప్‌హౌస్ నుంచి ఇనుప కడ్డీ తెచ్చి ఓబులేసు చేతికిచ్చాడు.

ఓబులేసు దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఇది దేనికి దస్తగిరన్నా?"

దస్తగిరి కడ్డీని వెనక్కి తీసుకున్నాడు.

"తలుపుకు అడ్డం పెట్టుకునేది సార్" అన్నాడు.

అంతకుముందు ఎన్నడూ అతన్ని సార్ అనలేదు. వాళ్ళిద్దరూ పన్నెండో గుంత దగ్గరికి నడిచారు. ఆ వారమే విశ్వవిద్యాలయం 'భూగర్భ శ్రవణం' అనే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ప్రకటించింది. వారానికి ఒక పని ఫీజు. మున్సిపాలిటీ సిబ్బందిని పంపడానికి ఒప్పుకుంది, ఆ కాగితం మీద కూడా ఓబులేసు సంతకమే ఉంది.

జూన్లో కొత్త ఉత్తర్వు. సూపర్‌వైజర్లకు మూడేళ్ళలోపు పి.జి. ఉండాలి. గంగరత్న పాత అట్టను వెనక్కి తిప్పి మూడు గళ్ళు గీసింది.

"ఇంకేం తెలుసు నీకు?"

ఓబులేసు ఆలోచించాడు.

"ఇంటికొచ్చే దారి తెలుసు" అన్నాడు.

"అది రెండు పేపర్లకన్నా వస్తాది" అంటూ ఆమె ఖర్చు గడిలో రాసుకుంది. "రాయి పోనీ. సాయంత్రం నేనొచ్చి పిల్చుకొస్తాలే."