నూరేళ్ల నక్షత్రం

ఈసారి క్రిస్మస్ నక్షత్రంలో బల్బు పోనివ్వకూడదని ఇమ్మానుయేలు పొద్దున్నే కంకణం కట్టుకున్నాడు. ఇబ్రహీంపట్నంలో వాళ్ల ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే. వోల్టేజి ఎక్కువై ఏటా బల్బు మాడిపోయేది. కిందటేడు సరిగ్గా ఇంటింటికీ తిరిగి పాడే క్యారల్స్ రోజే పోయింది. చీకటి ఇల్లు చూసి పాటగాళ్లు ముందుకు సాగిపోయారు. భార్య లీదియా చేసిన సకినాలు డబ్బాలోనే మిగిలాయి.

"ఈ యేడు గూడ మనింటికి రాకపోతే చర్చిల మొఖం ఎట్ల సూపెట్టాలె?" అంది లీదియా.

"ఫికర్ జెయ్యకు. వోల్టేజి జర తగ్గిస్తె బల్బు మస్తు దినాలొస్తదట. ఫోన్ల సదివిన."

జర తగ్గిస్తేనే అంత లాభమైతే, సగానికి సగం తగ్గిస్తే నూరేళ్లు ఖాయమని అతని లెక్క. ఎల్‌ఈడీ పెడితే ఎర్ర నక్షత్రం పాలిపోతుందని లీదియా ఒప్పుకోదు. అందుకని నక్షత్రంలోని పాతరకం బల్బునూ, బాత్రూం బల్బునూ ఒకే తీగకు ఒకదాని వెంట ఒకటి తగిలించాడు. ఉన్న వోల్టేజిని రెండూ చెరిసగం పంచుకుంటాయి.

సాయంత్రం నక్షత్రం వెలిగింది. వెలిగిందంటే, బీడీ కొనంత.

ఎదురింటి అనంతమ్మ అది చూసి గుండెలు బాదుకుంది. ఆ వాడలో చావుబతుకుల్లో మనిషి ఉన్న ఇంట నక్షత్రాన్ని మసకగానే ఉంచుతారు. ఇమ్మానుయేలు తండ్రి నారయ్య, చలికి జడిసి, పొద్దున్నుంచీ అరుగు మీదికి రాలేదాయె. ఆమె వెంటనే క్యారల్స్ పెద్ద నగేష్‌కు ఫోన్ కొట్టింది.

కాసేపటికి పాటగాళ్లు డోలు చంకన పెట్టుకుని, తలలు వంచుకుని వచ్చారు. వెనకే అనంతమ్మ. లీదియా సంబరంగా సకినాల పళ్లెంతో ఎదురెళ్లింది.

"గుండె రాయి జేస్కో అక్కా," అన్నాడు నగేష్. "నారయ్య తాత యాడున్నడు?"

"బాత్రూంల."

"అయ్యో, ఆడనే పడ్డడా!"

క్యారల్స్ కోసం తానం చేస్తున్న నారయ్య అప్పుడే ముగించి, కరెంటు దండగని అలవాటుగా స్విచ్చి ఆర్పాడు. ఒకే తీగ కాబట్టి బయట నక్షత్రమూ టక్కున ఆరిపోయింది.

"పాయె! పానం పాయె!" అని అనంతమ్మ శోకం అందుకుంది. పాటగాళ్లూ కళ్లొత్తుకున్నారు. ఎందుకో తెలియకుండానే ఇమ్మానుయేలు కూడా ఏడ్చాడు.

తువ్వాలు చుట్టుకుని నారయ్య బయటికొచ్చాడు. "ఎవలు పోయిండ్రురా?"

సంగతి తేలాక ఇమ్మానుయేలు సిగ్గుతో చితికిపోయి, నక్షత్రాన్ని నేరుగా కరెంటుకు కలిపాడు. వాకిలంతా ఎర్రగా మెరిసింది. డోలు మోగింది. లీదియాకు ఆనందంతో కళ్లు నిండాయి.

"నూరేండ్ల దీపం నాకెందుకయ్యా? గీ ఒక్క పూట సక్కగ వెలిగితే సాలు," అంది మొగుడితో.

రెండో పాటకు బల్బు ఠప్పుమంది. అయినా ఎవరూ కదల్లేదు. ఫోన్ల వెలుగులో పాటలూ అయ్యాయి, సకినాలూ అయ్యాయి.

నారయ్య మాత్రం ఆ సాయంత్రం తను పోయాడనుకుని ఎవరు ఏడ్చారో, ఎవరు ఏడవలేదో ఇప్పటికీ మరిచిపోలేదు.