సీసాలో దాలమ్మ సిగ్గు

మనుషుల సిగ్గును సీసాల్లో పట్టి దాచడంలో ప్రపంచ రికార్డు జర్మనీ దేశస్థుడు డీటర్ హోల్ట్స్ పేరిట ఉంది. ముప్పై తొమ్మిది వేల తొమ్మిది వందల సీసాలు నిండాక, నలభై వేలు పూర్తి చేయడానికి ఆయన శ్రీకాకుళం వైపు ఒక మండలానికి వచ్చాడు. జర్మనీలో ఆయన ఎదురింటాయన దగ్గర లక్షన్నర సోడా మూతలున్నాయి. పక్కింటావిడ దగ్గర ఏడు వేల మరుగుజ్జు బొమ్మలున్నాయి. ఇద్దరి గోడలకూ రికార్డు పత్రాలు వేలాడుతుంటే ఈయన తలెత్తుకోలేకపోయేవాడు. మొదటి సీసాలో పట్టింది ఆ సిగ్గునే.

మండల కార్యాలయం గోడకు నోటీసు అంటించారు. సిగ్గు ఇచ్చేవారు ఆధార్ నకలు తేవాలి. సీసా మూతికి నోరు ఆనించి, సిగ్గుపడిన సంగతి ఒక్కసారి చెప్పాలి. సిగ్గు పొగలా దిగి అడుగున పేరుకుంటుంది. మూత బిగించాక ఇచ్చినవారికి దానితో సంబంధం ఉండదు.

మర్యాద కోసం ముందుగా కార్యాలయంవాళ్లే ఇచ్చారు. తహసీల్దారు సీసా, గుమాస్తా కూర్మారావు సీసా ఖాళీగానే ఉండిపోయాయి. ఎక్కడైనా చిల్లు ఉందేమోనని హోల్ట్స్ వాటిని సైకిలు ట్యూబుల్లా నీళ్ల తొట్టిలో ముంచి చూశాడు. ఒక్క బుడగా రాలేదు.

"సీసాల దోషము కాదు" అన్నాడు. ఆయన తెలుగు పాత పుస్తకాల్లో నేర్చుకున్నది.

తర్వాత జనం వచ్చారు. ఆసుపత్రిలో దారి అడిగి తిట్లు తిన్నందుకు ఒకామె, బిడ్డకు పాలు చాలనందుకు ఒకామె, చిరిగిన చొక్కాతో పెళ్లికి వెళ్లినందుకు ఒకాయన. సీసాలన్నీ అంచుల దాకా నిండాయి.

తొంభై ఎనిమిదో సీసా దగ్గరికి దాలమ్మ వచ్చింది. పన్నెండేళ్ల కిందట కూర్మారావు బియ్యం కాగితమని చెప్పి ఆమె చేత వేలిముద్ర వేయించాడు. పక్కింటి అసిరమ్మ చనిపోయిందనే సాక్ష్యం అది. అసిరమ్మ చనిపోలేదు. కార్డులో పేరు మాత్రం పోయింది, బియ్యం ఆగిపోయాయి. ఆనాడు దాలమ్మ వేలి సిరాను అందరిలాగే జుట్టుకు తుడుచుకుంది. తలంతా నెరిసినా ఆ పాయ నల్లగానే ఉండిపోయింది. అప్పటి నుంచి రోజూ తాను తినక ముందు ఒక గిన్నె అన్నం అసిరమ్మ గడప మీద పెడుతోంది. అసిరమ్మ తినేది ఆ గిన్నె ఒక్కటే.

"బాబూ, ఇది తీసీసినాక ఒళ్లు నొప్పులేటైనా వస్తాయా?"

"రావు. తేలికగా నుండును."

దాలమ్మ చెప్పింది. సీసా వేలిముద్రల సిరా రంగుకు తిరిగింది. తన పేరు వచ్చినప్పుడు కూర్మారావు సీసాను కదలకుండా పట్టుకుని, అయ్యాక చీటీ అంటించాడు.

మర్నాటికి ఆ పాయ తెల్లబడింది. దాలమ్మ వండుకుని తిని, గిన్నె కడిగి బోర్లించింది. మూడో రోజు అసిరమ్మ గోడ పట్టుకుని వచ్చింది.

"ఏటే దాలీ, పొయ్యెలిగించలేదేటి?"

"ఎలిగించినాను. తిన్నాను."

"మరి నాకో?"

"నీకెందుకెట్టాలప్పా?"

"నాను సచ్చిపోనానని నువ్వే కదే ఏలిముద్దరేసినావు!"

"ఏసినాను. అయితేటి?"

దాలమ్మ మాటలో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

అసిరమ్మ కార్యాలయానికి వెళ్లి దాలమ్మ సిగ్గు తిరిగి ఇచ్చేయమంది.

"లెక్కింపబడినది. వీలులేదు" అన్నాడు హోల్ట్స్. ఇంక ఒక్క సీసా మిగిలింది. "తమకు సిగ్గు కలదా?"

"నేకేం బాబూ, ఉన్నాది. అడుక్కు తినడానికి సిగ్గు."

"అయినచో దానిని ఇండు."

రికార్డు నిబంధన ప్రకారం సిగ్గు ఇచ్చేవారు బతికి ఉండాలి. పన్నెండేళ్లుగా కదలని ఫైలు పది నిమిషాల్లో కదిలింది. "ఈ సేకరణ నిమిత్తం మాత్రమే, ఈ రోజు సాయంత్రం నాలుగు గంటల వరకు, అసిరమ్మ జీవించి ఉన్నట్టు ధ్రువీకరించడమైనది" అని తహసీల్దారు సంతకం చేశాడు. సాక్షిగా దాలమ్మను పిలిపించారు. ఆమె వేలిముద్ర వేసి, సిరా జుట్టుకు తుడుచుకుంది. ఈసారి అది అంటలేదు.

చివరి సీసా నిండింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగు గంటలకు ఉత్తర్వు గడువు తీరింది.

ఆ తర్వాత అసిరమ్మ గిన్నె పట్టుకుని తలెత్తి ఇంటింటికీ వెళ్లింది. వాళ్లూ తలెత్తి, ఆమె కళ్లలోకి చూసి, లేదన్నారు. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

పోయిన వారం నుంచి ఆమె రావడం లేదు. కూర్మారావు, అసిరమ్మ చనిపోయినట్టు రాసి ఉన్న పాత ఫైలు తెరిచి చూశాడు. అందులో దిద్దవలసింది ఏమీ లేదు.