కడుపుకు లైనింగ్

ఆ ఉదయం దర్జీకి ఉన్నవి రెండే పనులు. వకీలుగారికి నల్లకోటు ఇవ్వాలి, నర్సింగ్ చదివే కూతురికి తాను కుట్టిన గుడ్డ కడుపు ఇవ్వాలి. అమ్మాయి ఒకసారి ప్రాక్టికల్స్ తప్పింది. ఈసారి నమూనా చూపించి గట్టెక్కాలని ఆశ. అందుకే అతను ఐదు రోజులు కూర్చుని, గులాబీ రంగు పేగులతో సహా కుట్టాడు.

"పెరిటోనియం, పెరిటోనియం అని భయపడ్డావు. కడుపుకు లోపలి లైనింగేగా తల్లీ!" అన్నాడు.

వాటిని పెట్టిన సంచులు మాత్రం రెండూ ఒకేలా ఉన్నాయి. పదింటికి కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది.

"నాన్నా, ఇందులో కోటుంది! తర్వాత నా వంతే!"

దర్జీ వెంటనే వకీలుకు ఫోన్ చేసి అరిచాడు. "అయ్యా, మా అమ్మాయి పేగులు మీ దగ్గరున్నాయి! పొర చిరిగిందంటే అన్నీ బయటికొచ్చేస్తాయి!"

కోర్టు గోలలో వకీలుకు ఒక్క ముక్కా వినపడలేదు. దర్జీ దుకాణం పక్కనున్న మందుల షాపతనికి మాత్రం అన్నీ వినపడ్డాయి. అతను కోర్టుకు అంబులెన్సు పంపించాడు.

అక్కడ కత్తిపోటు కేసు విచారణకు వచ్చింది. కోటు తొడుక్కుందామని వకీలుగారు సంచి తెరవగానే బల్ల మీద పేగులు జారిపడ్డాయి. అదే క్షణంలో ఇద్దరు స్ట్రెచరుతో పరుగెత్తుకొచ్చారు. "పేగులు బయటపడ్డ అమ్మాయెక్కడ?"

ఎదుటి వకీలు కళ్లు తిరిగి పడిపోయాడు. స్ట్రెచరు ఖాళీగా పోలేదు.

వకీలుగారి తరఫున సాక్ష్యానికొచ్చిన డాక్టరు ఆ గుడ్డ కడుపును అందుకున్నాడు. "అయ్యా, పోయిన వాయిదా నుంచి నేను చెప్పేది ఇదే! కత్తి ఈ పొర దాకా దిగలేదు." జడ్జిగారు మొదటిసారి అర్థమైనట్టు తలాడించారు.

కాలేజీలో అమ్మాయి గుండె దిటవు చేసుకుని కోటును తిరగేసి బల్ల మీద పరిచింది. "ఇది పొట్ట గోడ అనుకోండి మేడమ్. దానికి లోపల అంటుకున్న ఈ లైనింగ్ ఒక పొర. ఇదే లోపలికి మళ్లి జేబును చుట్టుకుంటే రెండో పొర. జేబే పేగు."

"రెండింటి మధ్య?" అని పరీక్షకురాలు అడిగింది.

"పల్చటి ద్రవం. దానివల్లే పేగులు రాసుకోకుండా జారతాయి. ఈ పొర మడతల్లోంచే పేగులకు రక్తనాళాలు వెళ్తాయి. ఇన్ఫెక్షన్ వస్తే పాకకుండా అడ్డుకునేదీ ఇదే."

పరీక్షకురాలు తన తెల్లకోటు కూడా ఓసారి తిరగేసి చూసుకుంది. "పాసయ్యావు. వెళ్లు," అంది.

సాయంత్రం వకీలుగారు దుకాణానికి వచ్చేసరికి దర్జీ చేతులు జోడించి నిలబడ్డాడు.

"క్షమించండి, కోటు..."

"కోటు సంగతి తర్వాత. వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్ కేసుంది. గుడ్డ గుండె ఒకటి కుట్టిపెట్టగలవా?"

దర్జీ మెడలోని టేపు చేతిలోకి తీసుకున్నాడు.

"కొలతలు ఎవరివి తీసుకోమంటారు?"